పెద్ద ఊరేదో తేల్చడానికి కంపాస్ చాలు

2011 జనాభా లెక్కల్లో మన నగరాలకు రెండు జాబితాలున్నాయి. మొదటి దాని ప్రకారం ముంబై, ఢిల్లీ, బెంగళూరు తర్వాత దేశంలో నాలుగో పెద్ద నగరం హైదరాబాద్. జనాభా 67 లక్షల పైచిలుకు. చెన్నై 46 లక్షలతో ఆరో స్థానంలో, కోల్‌కతా 45 లక్షలతో ఏడో స్థానంలో ఉంటాయి. రెండో జాబితా తీస్తే కోల్‌కతా ఒక్క గెంతున 1.41 కోట్లతో మూడో స్థానానికి ఎక్కుతుంది. చెన్నై 86 లక్షలు దాటి నాలుగోదవుతుంది. హైదరాబాద్ 77 లక్షలతో ఆరో స్థానానికి దిగుతుంది. ఏడాది ఒకటే, ఇంటింటికీ తిరిగిన ఎన్యూమరేటర్లు వాళ్ళే, లెక్కకెక్కిన మనుషులూ వాళ్ళే. ఊరు ఎక్కడ ఆగుతుందన్న గీత ఒక్కటే మారింది.

మొదటి జాబితాలో ఉన్నది కార్పొరేషన్ గీత. రెండోది కార్పొరేషన్‌ని ఆనుకుని పెరిగిన పట్టణాల్ని కూడా కలిపే గీత, దాన్ని పట్టణ సముదాయం అంటారు. లెక్కలు తీసేనాటికి చెన్నై కార్పొరేషన్ 174 చదరపు కిలోమీటర్లు. ఆ ఏడాదే తర్వాత దాన్ని 426కి పెంచారు, కానీ అప్పటికే లెక్కలు అయిపోయాయి. హైదరాబాద్ ఆ పని 2007లోనే ముగించుకుంది. చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను కలుపుకుని జీహెచ్ఎంసీ అయింది, విస్తీర్ణం ఆరు వందల చదరపు కిలోమీటర్లు దాటింది. కోల్‌కతా కార్పొరేషన్ రెండు వందల లోపే ఉండిపోయింది. హుగ్లీ నదికి అవతల పది లక్షల జనంతో హౌరా ఉంది, దానికి వేరే కార్పొరేషన్. పొద్దున్నే హౌరా బ్రిడ్జి మీద కోల్‌కతాలోకి నడిచి వెళ్ళే మనుషుల్ని చూసినవాడెవడూ అవి రెండు వేరు వేరు ఊళ్ళని ఒప్పుకోడు. జాబితా మాత్రం ఒప్పుకుంటుంది. అంటే నాలుగో స్థానం మనకి జనం వల్ల రాలేదు, పక్క రాష్ట్రం కన్నా నాలుగేళ్ళు ముందు జీవో ఇచ్చుకోవడం వల్ల వచ్చింది.

ఇదే తప్పు కాలంలో వెనక్కి వెళ్ళి చూసినా కనిపిస్తుంది. 2001లో హైదరాబాద్ నగరం 36 లక్షలు, 2011లో 67 లక్షలు, పదేళ్ళలో దాదాపు రెట్టింపు అని చాలా చోట్ల చదివాను. ఐటీ వచ్చింది, జనం వచ్చేశారు అని దానికో కథ కూడా జతచేస్తారు. ఐటీ రావడం నిజమే, జనం రావడమూ నిజమే. కానీ 2001లోనే కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, ఎల్బీనగర్, మల్కాజిగిరి అన్నీ కలుపుకుంటే హైదరాబాద్ పట్టణ సముదాయం 55 లక్షలు దాటింది. ఆ జనం అప్పటికే అక్కడున్నారు. మధ్యలో గీత వాళ్ళ ఇళ్ళు దాటి అవతలకి పోయింది, అంతే. ఇక సికింద్రాబాద్ కంటోన్మెంట్ సంగతి చూడండి. ప్యారడైజ్ దగ్గర బిర్యానీ తిని తిరుమలగిరి వైపు బండి తిప్పితే నగరం అయిపోయినట్టు మీకేమైనా అనిపిస్తుందా? 2011లో అక్కడున్న రెండు లక్షల పైచిలుకు మంది జీహెచ్ఎంసీ లెక్కలో లేరు. ఊరి నడిబొడ్డున ఉండి ఊళ్ళో లేరు.

ఈమధ్య మళ్ళీ అదే జరిగింది. 2025 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కలున్న 27 మున్సిపాలిటీలను, కార్పొరేషన్లను హైదరాబాద్‌లో కలపాలని ప్రభుత్వం నిర్ణయించింది. దాంతో విస్తీర్ణం రెండు వేల చదరపు కిలోమీటర్లు దాటింది. 2027 జనగణన కోసం పాలనా హద్దులన్నీ 2025 డిసెంబర్ 31 లోపు తేల్చేయాలని కేంద్రం గడువు పెట్టింది కూడా. విలీనం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. డ్రైనేజీకి, రోడ్లకి అది మంచిదే కావచ్చు. నా గొడవ ఒక్కటే, ఇలాంటి గీతల మధ్య తేలిన అంకెల్ని పక్కపక్కన పెట్టి మా ఊరు పెద్దది, మీ ఊరు చిన్నది అనడం అర్థం లేని పని.

ఇది మన దేశానికే పరిమితమైన జబ్బు కాదు. చైనాలో చాంగ్‌చింగ్‌ను ప్రపంచంలోనే అతి పెద్ద నగరం అంటూ ఒక మాట తిరుగుతుంటుంది. 3.2 కోట్ల జనాభా. ఆ చాంగ్‌చింగ్ విస్తీర్ణం 82 వేల చదరపు కిలోమీటర్లు. తెలంగాణ మొత్తం 1.12 లక్షలు. అంటే మన రాష్ట్రంలో దాదాపు ముప్పాతిక వంతు. కొండలు, వరిమళ్ళు, పల్లెలు అన్నీ కలిపి ఒక నగరపాలన కింద పెట్టి నగరం అంటున్నారు. ఇటు లండన్‌లో సిటీ ఆఫ్ లండన్ అని ఒక పాత భాగం ఉంది, సొంత మేయర్ ఉన్నాడు, 2021లో అక్కడ నివసించేవాళ్ళు తొమ్మిది వేల లోపు. పేరులో ఉన్న సిటీ అన్న మాట పట్టుకుంటే లండన్ మన మండల కేంద్రాల కన్నా చిన్నదైపోతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇది ఇంకా బాగా తెలియాలి. డాలస్‌లో ఉంటున్నాం అని చెప్పే తెలుగువాళ్ళలో డాలస్ నగర హద్దుల్లో ఉండేవాళ్ళు ఎంతమంది? ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో, ఇవన్నీ దేనికది వేరే నగరం, దేని మేయర్ దానికే. 2020 లెక్కల్లో డాలస్ నగరం 13 లక్షలు, చుట్టూ ఉన్న మెట్రో ప్రాంతం 76 లక్షలు. అట్లాంటా నగరం ఐదు లక్షల లోపు, మెట్రో 60 లక్షల పైన. ఫ్లోరిడాలో జాక్సన్‌విల్ అనే ఊరు 1968లో చుట్టూ ఉన్న కౌంటీని దాదాపు మొత్తం తనలో కలిపేసుకుంది. ఫలితంగా నగరాల జాబితాలో శాన్‌ఫ్రాన్సిస్కోకి పైన కూర్చుంటుంది, 9.5 లక్షలకి 8.7 లక్షలు. ఈ రెండు ఊళ్ళూ చూసినవాళ్ళని ఏది పెద్దదో అడగండి.

మరి దీనికి మందేమిటి? చాలామంది పట్టణ సముదాయం అన్న రెండో జాబితా చాలంటారు. కార్పొరేషన్‌తో పాటు దాన్ని ఆనుకుని పెరిగిన పట్టణాలన్నీ కలిపి ఒక ముద్దగా లెక్కపెట్టడం. మొదటి దాని కన్నా ఇది నయమే. కానీ దీనికి ఒక షరతుంది. ఇళ్ళు తెగకుండా సాగాలి. మధ్యలో పొలాలు వచ్చాయా, ముద్ద తెగినట్టే. ఐక్యరాజ్యసమితి 2020 నుంచి సిఫారసు చేస్తున్న పద్ధతి ఇంకొంచెం శుభ్రంగా ఉంటుంది. భూమిని కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో 1,500 మందికి తగ్గకుండా ఉన్నవి ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే, అన్నీ కలిపి 50 వేల మంది దాటితే దాన్ని నగర కేంద్రం అంటారు. దేశం ఏదైనా కొలత ఒకటే. ఈ కొలతతో 2025లో వాళ్ళు నగరాల జాబితా వేస్తే ఏళ్ళ తరబడి మొదటి స్థానంలో ఉన్న టోక్యో మూడో స్థానానికి పడిపోయింది. 4.2 కోట్లతో జకార్తా మొదటిదైంది, తర్వాత ఢాకా. ఐక్యరాజ్యసమితిదే 2018 జాబితాలో జకార్తా కోటి పైచిలుకు మాత్రమే. ఏడేళ్ళలో మూడు కోట్ల మంది పుట్టుకురాలేదు. బొగోర్, దెపోక్, తంగెరాంగ్, బెకాసి లాంటి ఊళ్ళు జకార్తాకి అతుక్కుని ఎప్పటి నుంచో ఉన్నాయి, ఇన్నాళ్ళకి గళ్ళు వాటిని కలిపాయి.

ఈ గళ్ళ పద్ధతిలోనూ నాకు నచ్చనిది ఒకటుంది. గడిని ఆనుకుని గడి, దాన్ని ఆనుకుని ఇంకో గడి అంటూ పోతే కేరళ లాంటి చోట కథ ఎక్కడ ఆగుతుంది? ఊరికీ ఊరికీ మధ్య ఖాళీయే ఉండదక్కడ. ఒక కొస నుంచి రెండో కొసకి ఎన్నడూ వెళ్ళని మనుషులు కూడా ఒకే నగరవాసులైపోతారు. మరోపక్క రెండు ఊళ్ళ మధ్య నాలుగు గళ్ళ పొలం ఉంటే చాలు, రోజూ అటూ ఇటూ తిరిగే జనం వేరు వేరు నగరాల వాళ్ళు.

అందుకే నాకు వృత్తం అంటే ఇష్టం. ఊరి నడిమధ్య ఒక చోట కంపాస్ ముల్లు గుచ్చి, 10 కిలోమీటర్లకి ఒకటి, 25కి ఒకటి, 50కి ఒకటి, వీలైతే 100కి ఒకటి గీయాలి. లోపల ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాలి. ఊళ్ళా, పొలాలా, ఏ కార్పొరేషన్, ఏ జిల్లా, ఏ రాష్ట్రం అని అడగనక్కర్లేదు. జీవోతో వృత్తం పెరగదు, ఎన్నికల కోసం తరగదు. ఈ రోజుల్లో దీనికి పెద్ద కష్టం కూడా లేదు. వరల్డ్‌పాప్, జీహెచ్ఎస్ఎల్ అని ఉచితంగా దొరికే డేటా ఉంది. ఊరివారీగా ఉన్న జనాభా లెక్కని ఉపగ్రహ చిత్రాల్లో కనిపించే ఇళ్ళ మీదుగా చిన్న చిన్న గళ్ళకి పంచి పెడతారు. క్యూజీఐఎస్ అనే పటాలు గీసే సాఫ్ట్‌వేర్‌లో ఆ పటం వేసుకుని వృత్తం గీస్తే మొత్తం వచ్చేస్తుంది. అవి అంచనాలేనని, మన దేశానికి వాటి అడుగున ఉన్నది ఇంకా 2011 లెక్కలేనని గుర్తుపెట్టుకుంటే చాలు.

కంప్యూటర్ అక్కర్లేకుండా కూడా కొంత తేల్చవచ్చు. నాకు ఆసక్తి ఉన్న ప్రశ్న ఆంధ్రప్రదేశ్‌ది. రాష్ట్రం విడిపోయినప్పటి నుంచి వింటున్న మాట, మనకి పెద్ద నగరం లేదు అని. వైజాగ్‌లో ఉండే మా బావ దీనికి ఒప్పుకోడు, మా ఊరుందిగా అంటాడు. 2011లో విశాఖ 17 లక్షల పైన, విజయవాడ కార్పొరేషన్ పది లక్షల పైన, గుంటూరు ఆరున్నర లక్షలు. జాబితాలో బావే గెలుస్తాడు.

వృత్తం గీద్దాం. మంగళగిరిలో ముల్లు గుచ్చి 25 కిలోమీటర్లు తిప్పండి. విజయవాడ వస్తుంది, గుంటూరు వస్తుంది, తెనాలి అంచున పడుతుంది, అమరావతి రాజధాని ప్రాంతమూ వస్తుంది. విజయవాడ పట్టణ సముదాయం ఒక్కటే 2011లో పద్నాలుగున్నర లక్షల పైన. దానికి గుంటూరు ఆరున్నర, తెనాలి లక్షా అరవై వేలు కలపండి. పల్లెల్ని ముట్టుకోకుండానే 22 లక్షలు దాటేశాం. అవి కలిపితే ఇంకా. ఇంతమందిని ఏ జాబితా ఒక్క ఊరుగా చూపించదు, ఎందుకంటే మధ్యలో పొలాలున్నాయి, కృష్ణ ఉంది, జిల్లా హద్దు ఉంది.

వృత్తాన్ని పెంచితే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. 2011లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాలు రెండూ కలిపి సుమారు 7,700 చదరపు కిలోమీటర్లు. 50 కిలోమీటర్ల వ్యాసార్థంతో గీసిన వృత్తం వైశాల్యం 7,854. అంటే ఆకారం వేరైనా పరిమాణం ఇంచుమించు ఒకటే. ఆ రెండు జిల్లాల జనాభా 92 లక్షలు. ఇప్పుడు పాత కృష్ణా, గుంటూరు జిల్లాలు తీసుకోండి. రెండూ కలిపి 20 వేల చదరపు కిలోమీటర్ల పైన, 80 కిలోమీటర్ల వృత్తమంత. జనాభా 94 లక్షలు. హైదరాబాద్ దగ్గర ఎంతమంది ఉన్నారో కృష్ణాతీరంలోనూ అంతమందే ఉన్నారు. అక్కడ ఒకచోట గుట్టపడ్డారు, ఇక్కడ పరుచుకుని ఉన్నారు.

గుట్ట బయట ఏముందో కూడా చూడాలి. హైదరాబాద్ వృత్తం 50 దాటి ముందుకి జరిగితే దానికి తగిలేది పాత మెదక్, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు. 2011లో వాటి జనసాంద్రత చదరపు కిలోమీటరుకి వరసగా 313, 245, 219. విజయవాడ వృత్తం ముందుకి జరిగితే కృష్ణా 518, పశ్చిమగోదావరి 508, గుంటూరు 429. పెరిగే ప్రతి కిలోమీటరుకీ ఇటు ఇంచుమించు రెట్టింపు జనం చేరుతుంటారు. డెల్టా మహిమ అది. కాలవలు తవ్వి నూటయాభై ఏళ్ళు దాటింది, మూడు పంటలు పండే నేల మీద జనం ఊరూరా నిలబడ్డారు, ఒకచోటికి పోవాల్సిన అవసరం రాలేదు. తెలంగాణ మెట్ట నేలల్లో అంతమందిని మోసే నీరు లేదు, బతుకుదెరువు ఉన్న ఒకే ఒక్క చోటికి అందరూ నడిచారు. నగరం ఎదగడానికి చుట్టూ ఉన్న పేదరికం కూడా కారణమే అనిపిస్తుంది నాకు. దీని మీద ఎవరైనా వాదించవచ్చు.

విశాఖ వృత్తం సంగతి వేరు. 50 కిలోమీటర్లు గీస్తే దాదాపు సగం బంగాళాఖాతంలో పడుతుంది. ఇది అన్యాయం కదా, నేల ఉన్నంత మేరకే కొలిచి దాన్ని రెట్టింపు చేయాలి కదా అని బావ వాదన. చెన్నై, ముంబై వాళ్ళూ ఇదే అంటారు. నేను ఒప్పుకోను. గాజువాకలో బట్టల షాపు పెట్టినవాడికి సముద్రంలోంచి కస్టమర్లు రారు. మర్రిపాలెంలో ఆసుపత్రి కట్టినవాడికి తూర్పు నుంచి పేషెంట్లు రారు. ఆ లోటు నిజమైన లోటు, కాబట్టి అంకెలో కనిపించాల్సిందే. సముద్రం ఇచ్చేది వేరే, ఓడరేవు, నేవీ, ఉక్కు ఫ్యాక్టరీ. వాటిని టన్నుల్లోనో రూపాయల్లోనో కొలుచుకోవాలి, తలకాయల్లో కాదు.

వృత్తానికి సొంత లోపాలు లేవా అంటే ఉన్నాయి, అందులో ఒకటి చాలా పెద్దది. బీహార్ మొత్తం మీద సగటు జనసాంద్రత 2011లో 1,106. ఆ రాష్ట్రంలో సగటున ఎక్కడ ముల్లు గుచ్చి 50 కిలోమీటర్లు తిప్పినా దాదాపు 87 లక్షల మంది వస్తారు. హైదరాబాద్ పట్టణ సముదాయం కన్నా పది లక్షలు ఎక్కువ. ఆ వృత్తంలో మెట్రో లేదు, కంపెనీలు లేవు, ఒక పెద్ద మార్కెట్టూ ఉండకపోవచ్చు. గోధుమ చేలు, పల్లెలు, పంజాబ్ రైలెక్కడానికి నిలబడ్డ కుర్రాళ్ళు ఉంటారు. ఒక్క 50 కిలోమీటర్ల అంకెనే పట్టుకుని నగరాల జాబితా వేస్తే గంగా మైదానంలోని ఊరూరా మహానగరమే అవుతుంది.

అందుకే ఒక వృత్తం చాలదు, నాలుగైదు కావాలి. 10 కిలోమీటర్ల వృత్తం అంటే 314 చదరపు కిలోమీటర్లు. బీహార్ సగటుతో అందులో మూడున్నర లక్షల మంది పడతారు. హైదరాబాద్ జిల్లా 217 చదరపు కిలోమీటర్లలోనే 39 లక్షల మంది ఉన్నారు. నగరమెక్కడో, ఉత్త జనసమ్మర్దమెక్కడో ఆ లోపలి వృత్తమే చెప్పేస్తుంది. లోపలి నుంచి బయటికి జనం ఎలా పెరుగుతూ పోతున్నారో ఆ గ్రాఫు గీతలోనే ఊరి స్వభావం ఉంటుంది. నిట్టనిలువుగా లేచి ఆగిపోతే హైదరాబాద్. తాపీగా లేచి, ఆగకుండా పెరుగుతూ పోతే విజయవాడ. ఎవరైనా ఊరికి ఒకే ఒక్క అంకె చెప్పమంటే మాత్రం నాకు చిరాకు.

ముల్లు ఎక్కడ గుచ్చాలన్నది ఇంకో తగాదా. చార్మినార్ దగ్గరా, గచ్చిబౌలి దగ్గరా? 50 కిలోమీటర్ల వృత్తంలో అది పెద్దగా తేడా చేయదు, 10లో చాలా చేస్తుంది. నేను మంగళగిరిలో గుచ్చడం కూడా ఒక రకంగా నాకు కావాల్సిన జవాబు కోసం గుచ్చడమే అని బావ అంటాడు. అనొచ్చు. అందరికీ ఒకే నియమం పెట్టుకుంటే సరి. ఏ చుక్క దగ్గర గుచ్చితే ఎక్కువమంది వస్తారో అక్కడే అందరికీ గుచ్చాలి. ఆ నియమంతో విశాఖ కూడా తన ముల్లుని తీరం నుంచి అనకాపల్లి వైపు జరుపుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. దీన్ని భూగోళం మీద కూడా చేసిన మహానుభావులున్నారు. ప్రపంచ జనాభాలో సగం మంది పట్టేంత అతి చిన్న వృత్తం ఎక్కడొస్తుందని ఆర్థికవేత్త డానీ క్వా లెక్కవేస్తే మయన్మార్‌లో ఒక చోట కేంద్రంగా 3,300 కిలోమీటర్ల వ్యాసార్థం తేలింది. మనం, చైనా, ఇండోనేషియా అందరం అందులోనే.

రాష్ట్రాల గీతల్ని వృత్తం పట్టించుకోదు, అదీ మంచికే. బెంగళూరు చుట్టూ 50 గీస్తే తమిళనాడులోని హోసూరు లోపలికి వచ్చేస్తుంది. అదే సరైన లెక్క. చెన్నై వృత్తాన్ని 60 దాకా లాగితే మన శ్రీసిటీ అందులో పడుతుంది. చెన్నైలో నిద్రలేచి ఆంధ్రప్రదేశ్‌లో పనిచేసి మళ్ళీ తమిళనాడుకి వెళ్ళి పడుకునే వాళ్ళు అక్కడ ఎంతోమంది. కాకపోతే దాటగలిగే హద్దుకీ దాటలేని హద్దుకీ తేడా ఉంటుంది. సింగపూర్ చుట్టూ గీస్తే మలేషియాలోని జొహోర్ బారు, ఇండోనేషియాలోని బాతాం కూడా వస్తాయి. రోజూ పాస్‌పోర్ట్ చూపించి వంతెన దాటేవాళ్ళున్నారు, కానీ హోసూరు బస్సెక్కినంత సులువు కాదది.

నీళ్ళు కూడా అంతే. నర్సాపురం ఒడ్డున నిలబడితే వశిష్ఠ గోదావరికి అవతల సఖినేటిపల్లి కనిపిస్తూనే ఉంటుంది. కంపాస్‌కి అది పక్క వీధి. నది దాటించే పంటు ఎక్కాలంటే వంతు వచ్చేదాకా ఆగాలి, వరద వస్తే పంటు ఉండదు, అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. యానాం దగ్గర గౌతమి మీద వంతెన 2002లో వచ్చింది. దానికి ముందు ఏడాది, తర్వాతి ఏడాది కాకినాడ చుట్టూ వృత్తం గీస్తే ఒకే అంకె వస్తుంది, కోనసీమ మనిషికి మాత్రం కాకినాడ అప్పుడే దగ్గరైంది. అంటే దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా గంటల్లో కొలవాలి. ఒక గంటలో ఎంతమంది ఒకరినొకరు చేరుకోగలరన్నదే అసలు నగరం కొలత. ఉద్యోగం మారాలంటే ఇల్లు మారనక్కర్లేని చోటు. షాపుకి కస్టమర్, ఆసుపత్రికి స్పెషలిస్టు, కాలేజీకి లెక్చరర్ దొరికే చోటు.

ఇలా అంటే వృత్తమెందుకు, గంటలే లెక్కపెట్టొచ్చుగా అనొచ్చు. ఈ రెండు అంకెలూ పక్కపక్కనే ఉండాలి, తేడాలోనే విషయం ఉంది. 50 కిలోమీటర్ల లోపల ఎంతమంది ఉన్నారన్నది ప్రకృతి, చరిత్ర కలిసి ఇచ్చింది. వాళ్ళలో గంటలో చేరగలిగేవాళ్ళు ఎంతమందన్నది ప్రభుత్వం చేతిలో ఉన్నది. ఆ రెండింటి మధ్య దూరం ఎక్కువుంటే అక్కడ జనం లేరని కాదు, దారి లేదని.

దీన్నంతా అంకెల ఆటగా కొట్టిపారేసేవాళ్ళకి ఒక జీతం చీటీ చూపిస్తాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి ఇంటి అద్దె భత్యం ఊరి జనాభాని బట్టి ఇస్తారు. 50 లక్షలు దాటితే ఎక్స్, 5 లక్షలు దాటితే వై, లేకపోతే జెడ్. ఇప్పుడు ఆ రేట్లు మూల వేతనంలో 30, 20, 10 శాతం. నెల్లూరు 2011 లెక్కల్లో ఐదున్నర లక్షలు దాటి వై అయింది. రాజమండ్రి పట్టణ సముదాయం 4.7 లక్షల పైన ఆగిపోయి జెడ్‌లో ఉండిపోయింది. కర్నూలు, తిరుపతి, కాకినాడ కూడా అంతే, గీతకి కాస్త ఇవతల. రాజమండ్రి చుట్టూ 50 కిలోమీటర్లు గీసి చూడండి, తణుకు, తాడేపల్లిగూడెం, మండపేట, కోనసీమలో సగం, దాదాపు కాకినాడ దాకా. బయటి నుంచి వచ్చినవాడు ఈ వృత్తాన్ని చూస్తే దీన్ని చిన్న ఊరు అనడు. కానీ ఆ ఊళ్ళో రైల్వే గుమాస్తాకి నెల్లూరులో గుమాస్తా కన్నా సగం అద్దె భత్యం వస్తుంది. దానవాయిపేటలో ఇంటి ఓనరు ఈ లెక్క చూసి అద్దె తగ్గించడు మరి.

భత్యంతో ఆగదు. పది లక్షలు దాటిన పట్టణ సముదాయాలకి పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంట్లలో వేరే లెక్క పెట్టింది. కంపెనీలు బ్రాంచి ఎక్కడ తెరవాలా అని చూసేటప్పుడు, విమానాలు ఎక్కడికి నడపాలా అని చూసేటప్పుడు ఎవరో ఒక ఆఫీసులో ఈ జాబితా తీసి పైనుంచి కిందికి గీసుకుంటూ వస్తారు. జాబితాలో కింద ఉన్న ఊరు చుట్టూ ఎంతమంది ఉన్నారన్నది ఆ కాగితంలో ఉండదు.

మా పెదనాన్నది తెనాలి. గుంటూరులో ఒక ఆఫీసులో ఉద్యోగం. రిటైరయ్యేదాకా సీజన్ టికెట్ మీద ప్యాసింజర్‌లో వెళ్ళి వచ్చాడు. కూతుర్ని చూపించిన డాక్టరు విజయవాడలో, పెళ్ళి బట్టలు కొన్నది విజయవాడలో, పొలం దుగ్గిరాల పక్కన. జనాభా లెక్కల్లో ఆయన ఎప్పుడూ తెనాలి మునిసిపాలిటీలో ఒక తల. ఆయన బతికింది మాత్రం మూడు ఊళ్ళు కలిసిన ఒక పెద్ద ఊళ్ళో. ఆయన బోగీలో ఉన్నవాళ్ళంతా అలాంటివాళ్ళే. ఆ ఊరికి పేరు లేదు, మేయర్ లేడు, అందుకని మనకి పెద్ద నగరం లేదు అని అందరూ అంటుంటే రైల్లో కూర్చుని విన్నాడు.

జర్మనీలో రూర్ ప్రాంతం ఇలాంటిదే. డోర్ట్‌మండ్, ఎస్సెన్, డ్యూయిస్‌బర్గ్, బోఖుమ్, ఇంకా చిన్నవి కలిపి యాభైకి పైగా ఊళ్ళు, మొత్తం యాభై లక్షల జనం. ఒక్కో పెద్ద ఊరు ఆరు లక్షల దగ్గరే ఆగుతుంది. ఏ జాబితాలోనూ పైన కనిపించవు. వాళ్ళు వాటన్నిటినీ కలిపి ఒక కార్పొరేషన్ చేసేయలేదు. 1980లో ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఒకే రవాణా సంస్థ పెట్టుకున్నారు, ఒకే టికెట్ మీద రైలు, ట్రాము, బస్సు ఏదైనా ఎక్కొచ్చు. ఎస్సెన్‌లో ఉంటూ డోర్ట్‌మండ్‌లో ఉద్యోగం చేయడానికి ఎవరూ ఆలోచించరు.

మన దగ్గర పట్టాలు ఎప్పుడో పడ్డాయి. విజయవాడ నుంచి కృష్ణ దాటగానే కృష్ణాకెనాల్ జంక్షన్ దగ్గర లైను చీలుతుంది. ఒకటి మంగళగిరి, నంబూరు మీదుగా గుంటూరుకి, ఇంకొకటి దుగ్గిరాల మీదుగా తెనాలికి. గుంటూరు, తెనాలి మధ్య మూడోది. పటంలో చూస్తే చక్కటి త్రిభుజం. మీద తిరిగేవి ఎక్కువ భాగం చెన్నైకో, హైదరాబాద్‌కో, హౌరాకో పోయే రైళ్ళు. మధ్యలో సందు దొరికినప్పుడు నడిచే ప్యాసింజర్లు, మెమూలు. 2024 అక్టోబర్‌లో ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకి 57 కిలోమీటర్ల కొత్త లైనుకి కేంద్ర మంత్రివర్గం 2,245 కోట్లతో అనుమతి ఇచ్చింది, కృష్ణ మీద మూడు కిలోమీటర్ల పైగా వంతెన కూడా అందులో ఉంది. అది వచ్చాక హైదరాబాద్‌కి ఎంత తొందరగా వెళ్ళొచ్చో అన్నదాని మీదే అందరూ మాట్లాడుతున్నారు. అరగంటకో లోకల్ రైలు ఆ త్రిభుజం మీద పొద్దున ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా తిప్పడానికి ఎంతవుతుందో, ఎన్ని రైళ్ళు కావాలో, ఏ స్టేషన్లో మూడో ప్లాట్‌ఫారం కట్టాలో ఎవరైనా లెక్క తీస్తే చదవాలని ఉంది. ఎక్కడానికి జనం ఉన్నారా అన్న ప్రశ్నకి మాత్రం కొత్తగా సర్వే చేయించక్కర్లేదు.